పన్ను లేని రాష్ట్రానికి ల్యాప్‌టాప్ యాత్ర

డెలావేర్‌లో ఏమేం చూశావని ఇంటి నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ అడిగారు. నేను చూసినవి మూడే: ఒక పెద్ద వంతెన, ఒక పెద్ద పార్కింగ్ లాట్, ఒక కంప్యూటర్ల షాపు. కాశీకి వెళ్తే ఏదో ఒకటి వదిలేసి రావాలంటారు. డెలావేర్ వెళ్తే ఏదో ఒకటి కొనుక్కుని రావాలి. ఆ రాష్ట్రంలో సేల్స్ టాక్స్ లేదు. న్యూజెర్సీ తెలుగువాళ్ళకు అంతకు మించిన స్థలపురాణం అక్కర్లేదు.

నేను వెళ్ళింది ల్యాప్‌టాప్ కోసం. విజయవాడలో ఇంజనీరింగ్ చేరినప్పుడు కొన్నది ఒకటుంది. మూత నిలబడదు కాబట్టి వెనక స్టాటిస్టిక్స్ పుస్తకం ఆనించాలి. చార్జర్ తీస్తే ప్రాణం పోతుంది. వీటన్నిటితోనూ సర్దుకుపోయాను కానీ దాని ఫ్యాన్‌తో మాత్రం నా వల్ల కాలేదు. ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండర్ దానికంటే నయం.

నా ఎమ్మెస్ ప్రాజెక్టేమో చెవులతో చేసే పని. పక్షి కూతను మైకులో విని అది ఏ పిట్టో చెప్పే ప్రోగ్రామ్ రాశాను. పాత ల్యాప్‌టాప్‌లో దాన్ని నడిపితే ఫ్యాన్ మోతే ముందు వినపడేది. రాబిన్ పిట్ట కూసినా, కాకి అరిచినా, ఎవరూ నోరు విప్పకపోయినా అది వడ్రంగిపిట్ట అని చెప్పేది. సోమవారం పొద్దున మా ప్రొఫెసర్ ముందు దాన్ని నా సొంత మెషీన్ మీద నడిపి చూపించాలి. ఆవిడకు నచ్చితే ల్యాబ్‌లో అసిస్టెంట్ ఉద్యోగం, దానితోపాటు వచ్చే సెమిస్టర్ ఫీజులో సగం మాఫీ. నచ్చకపోతే నాన్న మళ్ళీ బ్యాంకు మెట్లెక్కాలి. నాతోపాటు ఇంకో ఇద్దరు ఆ ఉద్యోగానికి పోటీలో ఉన్నారు. వాళ్ళ ల్యాప్‌టాప్‌లు చప్పుడు చేయవు.

ఎడిసన్: సలహాల సంత

నా బడ్జెట్ అయిదువందల యాభై డాలర్లు. కాలేజీ డైనింగ్ హాల్లో ప్లేట్లు కడిగి కూడబెట్టిన డబ్బు. ల్యాప్‌టాప్ కొనే సంగతి నా రూమ్మేటుకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అయినా వారం తిరిగేసరికి మా ఎడిసన్‌లో మనవాళ్ళ షాపులుండే ఓక్ ట్రీ రోడ్డంతా నాకు ల్యాప్‌టాప్ ఎంచిపెట్టడం మొదలుపెట్టింది. మన ఊళ్ళో పెళ్ళి సంబంధాలకు వచ్చినట్టే ఇక్కడ ల్యాప్‌టాప్‌లకు సలహాలు వస్తాయి. దోసెల షాపులో పక్క టేబుల్ దగ్గర సాంబారు కలుపుకుంటున్న ఒకాయన, ముక్కూ మొహం తెలియని మనిషి, చెయ్యి కడుక్కుని మరీ వచ్చాడు.

"సారీ అమ్మా, విన్నాను. గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకో. మా అబ్బాయికి అదే కొన్నాం."

"నేను గేమ్స్ ఆడను అంకుల్."

"ఆడక్కర్లేదమ్మా. ఉండాలి."

నా రూమ్మేట్ మౌనికది కరీంనగర్. మాటలు తక్కువ, లెక్కలు ఎక్కువ. కాగితం కూడా లేకుండా నాలుగు ముక్కల్లో తేల్చేసింది. "ర్యామ్ పదహారు ఉండాలె. స్టోరేజ్ అయిదువందల పన్నెండు, ఎస్‌ఎస్‌డీనే. బరువు కిలోన్నర దాటొద్దు. చార్జర్ లేకుంట దినమంత నడ్వాలె. ఇగ మిగతాయన్ని షోకులే." ఆమె ల్యాప్‌టాప్ అలాంటిదే. సోమవారానికి అడిగితే ఇచ్చేదే కానీ, సరిగ్గా అదే గంటకు తనకూ ఆన్‌లైన్ పరీక్ష ఉంది. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే మంగళవారం గానీ రాదు.

మేమిద్దరం అద్దెకుండేది మూర్తి అంకుల్, రమణి ఆంటీల ఇంట్లో, పై గదిలో. అంకుల్‌ది భీమవరం. ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు గానీ, ఆయన అసలు వృత్తి డీల్స్. ఏ వస్తువు ఎక్కడ ఎప్పుడు చవకో ఆయన నాలుక చివర ఉంటుంది. ఆ వస్తువు అవసరమా కాదా అన్నది వేరే శాఖ. నా సంగతి వినగానే కారు తాళాలు తీసుకున్నారు.

"ఇక్కడ కొంటే టాక్స్ కట్టాలి. ఎందుకమ్మా దండగ? శనివారం డెలావేర్ డ్రైవ్ చేద్దాం. టాక్స్ సేవ్ చేస్తే బిర్యానీ డబ్బులు వచ్చేస్తాయి."

వెళ్ళిరావడానికి పెట్రోలూ టోలూ ఎంతవుతాయని మౌనిక అడిగింది. అంకుల్ ఆమెను జాలిగా చూశారు.

బయలుదేరకముందే బయలుదేరడం

శనివారం పొద్దున రాహుకాలం. ఆంటీది తెనాలి, వాళ్ళింట్లో రాహుకాలంలో పాలపొయ్యి కూడా వెలిగించరట. షాపు తెరిచేసరికి అక్కడుండాలంటే ఆ టైములోనే కదలాలి. దీనికి ఆంటీ దగ్గర ఉపాయముంది. తెల్లారగానే నా పాత ల్యాప్‌టాప్ సంచీ తీసుకెళ్ళి ఎదురింటి గుజరాతీ వాళ్ళ వరండాలో పెట్టి వచ్చారు. దాన్ని ప్రస్థానం అంటారు. సామాను ముందే గడప దాటింది కాబట్టి, మనం ఎప్పుడు కదిలినా మంచి వేళలో బయలుదేరినట్టే లెక్క. ఎదురింటాయన తలుపు తీసి, అనుమానాస్పదమైన సంచీ ఉందని పోలీసులకు ఫోన్ చేసేలోగా అంకుల్ పరుగెత్తారు.

కారులో ముందు అంకుల్, పక్కన ఆంటీ, వెనక నేనూ మౌనికా, మా మధ్య పులిహోర గిన్నె కూర్చున్నాం. గిన్నెకు సీటు బెల్టు పెట్టారు.

టర్న్‌పైక్: మూర్తి అంకుల్ విజయగాథ

న్యూజెర్సీలో పెట్రోలు మనం పోసుకోకూడదు. మన బంకుల్లోలాగే మనిషి వచ్చి పోస్తాడు. దేశమంతా ఎవరికి వారే పోసుకుంటారని విన్న నాకు ఇది పుట్టింటికి వచ్చినట్టనిపించింది. ట్యాంకు నిండాక రెండు వైపులా గోడలూ, ట్రక్కులూ తప్ప మరేమీ కనపడని టోలు రహదారి, టర్న్‌పైక్, మొదలైంది. కాలక్షేపానికి అంకుల్ తన కథ అందుకున్నారు.

"అమెరికాలో తెలివైనవాడు కొనడం నేర్చుకోడమ్మా. రిటర్న్ చేయడం నేర్చుకుంటాడు. మన దగ్గర ప్రతి షాపులో బోర్డు ఉంటుంది కదా, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని. ఇక్కడ నవ్వుతూ తీసుకుంటారు."

మొన్నీమధ్యే తెనాలిలో ఉన్న బావమరిది కొడుక్కి ల్యాప్‌టాప్ కావాల్సి వచ్చిందట. ఇండియా వెళ్ళే ఫ్రెండు చేత పంపడానికి అంకుల్ డెలావేర్ వచ్చి కొన్నారు. ఆంటీ పూజ చేసి పక్కన పెట్టారు. ప్యాక్ చేసే ముందు ఆన్ చేసి చూస్తే ఎంటర్ కీ నొక్కితే దిగలేదు.

"మాన్యుఫ్యాక్చరింగ్ డిఫెక్ట్. వెనక్కి తెచ్చి కౌంటర్ మీద పెట్టాను. ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ డబ్బుకి ఇంకో రెండొందలు వేసి ఇంకా మంచి మోడల్ కొనేశాను. అదే పంపించాం."

"అది గూడ పూజ చేసిన్రా ఆంటీ?" అంది మౌనిక.

"చేయకుండా సముద్రం దాటిస్తామా?" అన్నారు ఆంటీ.

రెస్ట్ ఏరియా: పసుపు అన్నం

దారిలో ఆగిన చోట కాఫీ అయిదు డాలర్లు. మన దగ్గర ఆ డబ్బుతో బంధువులందరికీ టిఫిన్ పెట్టించవచ్చు. ఒక కాఫీ కొని నలుగురం పంచుకున్నాం. బయట చెక్క బల్ల మీద ఆంటీ పులిహోర తెరవగానే పక్క బల్ల దగ్గరున్న ఒక పెద్దావిడ, ఆవిడ కుక్కా ఇటు తిరిగారు. ఆవిడ కూడా డెలావేరే వెళ్తోందట, ఫ్రిజ్ కొనడానికి. ఈ జబ్బు మనవాళ్ళకే కాదని తెలిసి సంతోషించాను.

అన్నం పసుపుగా ఎందుకుందని అడిగింది. పసుపు వేశామని ఆంటీ చెప్పారు. తిని, కళ్ళు తుడుచుకుని, చాలా బాగుందని చెప్పి నీళ్ళు అడిగింది. తర్వాత తనకు బియ్యంతో ఉన్న అనుబంధం చెప్పుకొచ్చింది. ఒకసారి ఫోన్ సింక్‌లో పడితే రాత్రంతా బియ్యం డబ్బాలో పాతిపెట్టిందట. బియ్యం తడి పీల్చేసి ఫోన్ బతికిందట. ఆమె ఇంట్లో బియ్యం దానికే ఉంటుంది.

కారెక్కాక ఆంటీ చాలాసేపు తేరుకోలేదు. "బియ్యంలో ఫోన్ పెట్టడమేంటండీ? ఎంగిలి కాదూ?"

వంతెన అవతల

నది మీద కట్టిన ఆ జంట వంతెన నిజంగా బాగుంటుంది. అంకుల్ మాత్రం నదిని చూడలేదు, టోల్ ధర చూశారు. అవతలి ఒడ్డున షాపు ముందు పార్కింగ్ లాట్‌లో తిరిగితే పది కార్లకు ఎనిమిదింటి మీద న్యూజెర్సీ, పెన్సిల్వేనియా నంబర్లే. డెలావేర్ వాళ్ళు ఎక్కడ కొనుక్కుంటారో తెలియలేదు.

లోపల ల్యాప్‌టాప్‌లు వరసలుగా మూతలు తెరుచుకుని కూర్చున్నాయి. గేమింగ్‌వి ముందే ఉన్నాయి. కీబోర్డు కింద ఎరుపూ నీలమూ లైట్లు, పక్కన ఇటుకంత చార్జర్. దోసెల షాపు అంకుల్ మాట గుర్తొచ్చి ఒకటి ఎత్తి చూశాను. భుజం దిగిపోయింది. పిట్ట కూత వినడానికి అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. చవకవి ఇంకో వరసలో ఉన్నాయి. ధర మూడొందల చిల్లర. మౌనిక ఒక్కొక్క దాని చీటీ చదివి పెదవి విరిచింది. ర్యామ్ ఎనిమిదే, పెంచుకోవడానికి వీల్లేదు. ఒకదాని తెర వైపు నేను కాస్త ఆశగా చూశాను.

"ఆర్నెల్లకు ఏడుస్తవ్," అంది.

మౌనిక నాలుగు షరతులకూ సరిపోయింది మధ్య వరసలో దొరికింది. వెండి రంగు, కిలోంపావు బరువు, చెవి ఆనిస్తే కూడా వినపడని ఫ్యాన్. ధర ఎనిమిది వందలకు పైనే. స్టూడెంట్ డిస్కౌంట్ ఉంటుందేమోనని కాలేజీ కార్డు చూపించాను. మెడలో ట్యాగ్ వేసుకున్న అమ్మకాలావిడ, పేరు డెబ్రా, యాభై డాలర్లు తగ్గుతుందంది. అంకుల్ ఇంకో వంద తగ్గించమని భీమవరం సంత పద్ధతిలో అడిగి, రెండడుగులు వేసి వెళ్ళిపోతున్నట్టు నటించారు. డెబ్రా ఆయనకు 'హ్యావ్ ఎ నైస్ డే' చెప్పింది. ఆయన తనంతట తనే వెనక్కి రావాల్సి వచ్చింది.

పిండి కొద్దీ రొట్టె అంటారు. నా దగ్గర పిండి సరిపోలేదు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. సోమవారం ప్రొఫెసర్ ముందు గ్రైండర్ తిరుగుతున్నట్టూ, తెర మీద వడ్రంగిపిట్ట వచ్చినట్టూ కనపడింది. అంకుల్ మిగతాది తను వేస్తానన్నారు గానీ నేను ఒప్పుకోలేదు. అద్దె ఇప్పటికే సగమే తీసుకుంటున్నారు.

గోడ వారన బల్ల

నా మొహం చూసి డెబ్రా మమ్మల్ని గోడ వారన ఉన్న బల్ల దగ్గరకు తీసుకెళ్ళింది. ఎవరో కొని తిరిగిచ్చినవి, గీతలు పడినవి అక్కడ పెడతారట. ఆ బల్ల మీద, ఇందాకటి వెండి రంగు మోడలే ఉంది. నాలుగు వందల ఎనభై.

"దీనికి జబ్బేమిటి?" అని అడిగాను.

ఎంటర్ కీ దిగదని డెబ్రా చెప్పింది. మూత మీద ఏదో ఎర్రటి మరక, తుప్పు కావచ్చు. పైగా కీబోర్డు సందులో ఒక బియ్యపు గింజ కనపడుతోంది. నీళ్ళు ఒలికితే ఎవరో బియ్యంలో పెట్టి ఉంటారని షాపువాళ్ళ అనుమానం. అందుకే ఆ ధర. కొన్నాక బాగు చేయరు, వెనక్కి తీసుకోరు. బల్ల మీద కాగితం కూడా అతికించారు. తెలుగులో రాయలేదు గానీ మన షాపుల బోర్డే. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.

నేను అంకుల్ వైపు తిరిగాను. ఆయన అక్కడ లేరు. దూరంగా వాషింగ్ మెషీన్ల మధ్య నిలబడి ఒకదాని మూత ఎత్తి లోపలికి చూస్తున్నారు. వెళ్ళి పిలిచాను.

"వద్దమ్మా అది. డిఫెక్ట్ పీస్."

"మీరు సరిగ్గా చూడనేలేదు అంకుల్."

"చూడక్కర్లేదు. నాకు తెలుసు."

"ఎలా తెలుసు?"

ఆయన వాషింగ్ మెషీన్‌లోకి మళ్ళీ చూశారు. "మూత చూశాను. అదే ఇది. నేను తిరిగిచ్చిందే. చెడిపోయిన సరుకని నేనే చెప్పి ఇచ్చాను కదా, మళ్ళీ నీ చేత కొనిపించమంటావా? వాటర్ సంగతైతే నాకు తెలీదు. డెబ్రాతో మాత్రం చెప్పకు."

మేం బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆంటీ కళ్ళజోడు పెట్టుకుని కీబోర్డు మీద వంగి ఉన్నారు. ఆవిడ ముఖంలో నేను అంతకుముందెప్పుడూ చూడని గాంభీర్యం.

"ఏమండీ, ఇటు రండి. ఇది మనదేనా?"

"మెల్లగా మాట్లాడు రమణీ."

"ఆ మూత మీది తుప్పు నా చేత్తో పెట్టిన బొట్టు. ఈ గింజ చూడండి, పచ్చగా లేదూ? నీళ్ళు ఆరబెట్టే బియ్యానికి ఎవరైనా పసుపూ నెయ్యీ కలుపుతారండీ? నా అక్షింతలు ఇవి."

పూజ రోజు ఆంటీ మూత తెరిచి, కీబోర్డుకు దణ్ణం పెట్టి, గుప్పెడు అక్షింతలు చల్లారట. అందులో ఒకటి ఎంటర్ కీ కిందకు చేరి ఉంటుంది. ఉంటుందని మా ఊహ. తీసి చూద్దామంటే కొనకముందు పిన్నూ సూదీ పెట్టకూడదని డెబ్రా చెప్పేసింది. గింజ వల్ల కాక కీబోర్డే చెడిపోయి ఉంటే నా డబ్బు గంగలో పోసినట్టే. వెనక్కి తీసుకునేవాళ్ళు లేరు. సోమవారానికి ఇంకో దారి కూడా లేదు.

"మౌనికా, ఏం చేయమంటావ్?"

"ర్యామ్ పదహారే ఉంది," అంది. గింజ వైపు మళ్ళీ చూసి, "ఆంటీ ముచ్చట నాకు కరెక్టే అనిపిస్తుంది," అని కూడా అంది.

కార్డు తీసిచ్చాను. ఎక్స్‌టెండెడ్ వారంటీ కావాలా అని అడగబోయి, బల్ల మీది కాగితం చూసి డెబ్రా నోరు మూసుకుంది.

పార్కింగ్ లాట్‌లో శస్త్రచికిత్స

కారు బానెట్ మీద తువ్వాలు పరిచి ల్యాప్‌టాప్ పడుకోబెట్టాం. ఆంటీ గాజుకు ఎప్పుడూ రెండు పిన్నీసులు వేలాడుతుంటాయి. నేను చిన్నప్పటి నుంచి అందరి ఆంటీల గాజులకూ వాటిని చూశాను గానీ, వాటి విలువ ఆ రోజే తెలిసింది. ఆంటీ ఒకటి తీసి, ఎంటర్ కీ అంచు కింద పెట్టి, కంట్లో నలుసు తీసినంత నెమ్మదిగా కదిపారు.

పచ్చటి గింజ ఒకటి బయటికి వచ్చింది. దాని వెనకే విరిగిన ముక్క ఇంకొకటి వచ్చింది.

ఎంటర్ నొక్కాను. దిగింది, లేచింది. మళ్ళీ నొక్కాను. ఇరవైసార్లు నొక్కి ఉంటాను. మౌనిక నా వీపు మీద ఒక్కటి వేసింది. ఆంటీ ఆ గింజను కింద పడేయకుండా కొంగున ముడేశారు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చినాయన పక్కనే నిలబడి, తను రెండొందలు ఎక్కువ పెట్టి తెనాలి పంపిన ఇంకో ల్యాప్‌టాప్ గురించి ఆలోచిస్తున్నారని ఆయన ముఖం చూస్తే తెలుస్తోంది.

తిరుగు దారి

ప్రతి ప్రయాణంలోనూ తిరుగు దారి చిన్నదిగా అనిపిస్తుంది. ఇది మాత్రం పొడుగనిపించింది, అంకుల్ మాట్లాడలేదు కాబట్టి. మిగిలిన పులిహోర ఆంటీ ఆయనకు పెట్టకుండా మాకే వడ్డించారు. పెట్రోలు, టోలు, కాఫీ, అంకుల్ ముందే అన్న మాట కోసం చివర్లో తిన్న బిర్యానీ, అన్నీ కలిపితే మిగిలిన పన్ను కంటే ఎక్కువే అయ్యాయని మౌనిక లెక్క తేల్చింది. ఆ లెక్క కారులో చెప్పొద్దని ఆమె కాలు తొక్కాను.

సోమవారం

పొద్దున నేను మెట్లు దిగేసరికి ఆంటీ పళ్ళెంలో అక్షింతలతో నిలబడి ఉన్నారు. నేను ల్యాప్‌టాప్‌ను సంచీలో పెట్టి, జిప్ మూసి, సంచీని వీపు వెనక దాచి, అప్పుడు తల వంచాను.

"నాకు వేయండి ఆంటీ. దానికి వద్దు."

ఆవిడ నవ్వి, నా నెత్తి మీద రెండు చేతులా చల్లారు. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. నా పరీక్షకు ఇంకెవరో అంత భయపడటం బాగుంది.

ల్యాబ్‌లో ప్రొఫెసర్ తన ఫోన్‌లో ఒక పక్షి కూత పెట్టారు. గది నిశ్శబ్దంగా ఉంది. కొత్త ల్యాప్‌టాప్ అంతకంటే నిశ్శబ్దంగా ఉంది. ఎంటర్ నొక్కడానికి ముందుకు వంగాను. నా జడలోంచి ఒక పచ్చటి గింజ జారి, కీబోర్డు మీద పడి, రెండు గెంతులు గెంతి ఎంటర్ కీ అంచున ఆగింది. అంత వేగంగా నేను జీవితంలో ఏదీ పట్టుకోలేదు. ప్రొఫెసర్ కనుబొమలెత్తి చూశారు. గింజను జేబులో వేసుకుని ఎంటర్ నొక్కాను. తెర మీద కార్డినల్ అని, ఇక్కడి ఎర్రపిట్ట పేరు వచ్చింది. ఆవిడ తల ఊపి ఇంకో కూత పెట్టారు. బ్లూ జే అనే నీలం పిట్ట పేరు వచ్చింది. ఇంకోటి పెట్టారు. ఈసారి వడ్రంగిపిట్ట అని వచ్చింది. నా ప్రాణం పోయింది.

"ఇదీ సరైనదే," అన్నారు ఆవిడ. "నిజంగా వడ్రంగిపిట్టే పెట్టాను."

ఉద్యోగం నాదేనన్న కబురు సాయంత్రానికి వచ్చింది. ముందు నాన్నకు చెప్పాను. తర్వాత ఎడిసన్‌లో ఇంటికి ఫోన్ చేస్తే మూర్తి అంకుల్ ఎత్తారు. ఉద్యోగం సంగతి అడగలేదు.

"ఎంటర్ కీ పనిచేసిందా అమ్మా?"

"పనిచేసింది అంకుల్. ఉద్యోగం వచ్చింది."

"వెరీ గుడ్, వెరీ గుడ్." తర్వాత గొంతు బాగా తగ్గించారు. "ఆంటీ పక్కనే ఉంది, నెమ్మదిగా విను. తెనాలి నుంచి మావాడు మెసేజ్ పెట్టాడు. స్పేస్ బార్ దిగట్లేదట. సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్తానంటున్నాడు. వాళ్ళింట్లో పిన్నీసు ఉంటుందంటావా?"